పాత బండి ఫ్రేమ్, ఫోర్క్: ఉన్నది బాగుచేసుకోవాలా, సెకండ్స్ (వాడిన సామాను) వెతకాలా, కొత్తది కొనాలా?

కొట్టంలో ఏళ్ల తరబడి పడి ఉన్న బుల్లెట్‌ని బయటికి లాగి, దుమ్ము దులిపి, కిక్కర్ మీద కాలు పెడితే ఇంజన్ తిరిగిందనుకోండి. ఇక గట్టెక్కినట్టే అనిపిస్తుంది. అసలు టెన్షన్ బండి రోడ్డెక్కాక మొదలవుతుంది. చేతులు వదిలితే బండి ఎడమకి లాగుతుంది, బ్రేకు పడితే ముందు భాగం కటకటమంటుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్క్ కింద నూనె చారలు కనిపిస్తాయి. మెకానిక్ "ఫ్రేమ్ మార్చేద్దాం సార్, సెకండ్స్‌లో దొరుకుతుంది" అంటాడు. పక్కింటాయన "కొత్త లోకల్ ఫోర్క్ వేసేయ్, సగం ధరకే వస్తుంది" అంటాడు. ఇంకొకరు "ఒరిజినల్ కానిది ముట్టుకోకు" అని భయపెడతారు.

ముగ్గురూ తమ తమ అనుభవంలో నిజమే చెబుతున్నారు. చిక్కల్లా ఫ్రేమ్‌కీ ఫోర్క్‌కీ ఒకే సలహా పెట్టడంలో ఉంది. నా లెక్క ఇది: ఫ్రేమ్ వీలైనంతవరకు మీదే నిలబెట్టుకోండి. ఫోర్క్‌ని మాత్రం ఒకే వస్తువుగా చూడకండి. అందులో ఏ ముక్క ఒరిజినల్ కావాలి, ఏది కొత్తదైనా ఫర్వాలేదు అన్నది విడివిడిగా తేల్చుకోండి.

## ముందు చూడాల్సిన నాలుగు సంగతులు

కాగితం. ఆర్సీలో ఉన్న ఛాసిస్ నంబరు ఫ్రేమ్ మీద కొట్టి ఉంటుంది. చట్టం దృష్టిలో బండి అంటే ఆ నంబరే. రెన్యువల్‌కి వెళ్తే పెన్సిల్ రుద్ది నంబరు ప్రింట్ తీసేది అందుకే. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకీ ఆర్సీకీ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఫ్రేమ్ నిర్ణయం కొలతల దగ్గర కాదు, ఇక్కడే మొదలవుతుంది.

మోడల్. "బుల్లెట్‌ది", "ఎజ్డీది" అంటే చాలదు. ఏ కాలంది, ఏ రకంది అన్నది తేలాలి.

నిక్కచ్చితనం. ఒరిజినలే అయినా వంకర తిరిగిన ఫ్రేమ్ ఇనప తుక్కుతో సమానం. డూప్లికేట్ అయినా కొలతకి నిలిచే ఫోర్క్ పైపు ప్రాణం కాపాడుతుంది.

మీ ఉద్దేశం. వారానికోసారి ఊళ్లో తిరగడానికా, లాంగ్ రైడ్‌లకా, వింటేజ్ ప్రదర్శనలకా? అమ్ముకోవడానికైతే అది పూర్తిగా వేరే లెక్క.

ఖర్చుని అయిదోదిగా పెట్టలేదు. పై నాలుగూ తేలితే ఖర్చు దానంతటదే తేలుతుంది. తేలకముందే చవక అని కొన్నది రెండుసార్లు కొనాల్సి వస్తుంది.

## మీ బండిది అసలు ఏ ఫ్రేమ్?

బుల్లెట్. మద్రాసు తిరువొత్తియూరులో 1955లో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలయ్యాక అర్ధ శతాబ్దం పాటు బుల్లెట్ రూపం పెద్దగా మారలేదు. అందుకే "అన్నీ ఒకటే" అనే అపోహ. కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజన్, గేర్‌బాక్స్ రెండు వేరు వేరు ముక్కలు. గేర్‌బాక్స్ ఇంజన్ వెనక బోల్టులతో బిగించి ఉంటుంది. ఫ్రేమ్‌కి ముందు నుంచి దిగే ఒంటి పైపు ఇంజన్ ముందే ఆగిపోతుంది, ఇంజన్ కింద పైపు ఉండదు. అంటే ఇంజనే ఫ్రేమ్‌లో ఒక భాగంగా బరువు మోస్తుంది. 2009 ప్రాంతంలో వచ్చిన యూసీఈ (యూనిట్ కన్‌స్ట్రక్షన్) ఇంజన్‌లో గేర్‌బాక్స్ లోపలే ఉంటుంది కాబట్టి మౌంటింగ్‌లు మారిపోయాయి. దూరం నుంచి చూస్తే అన్నదమ్ముల్లా ఉంటాయి గానీ, యూసీఈ ఫ్రేమ్‌లో కాస్ట్ ఐరన్ ఇంజన్ కూర్చోవాలంటే కోతలు, వెల్డింగులు తప్పవు. ఎవరైనా "చిన్న మార్పుతో సెట్ అవుతుంది" అంటే ఆ చిన్న మార్పు ఏమిటో అడగండి.

ఫోర్క్ దగ్గర బుల్లెట్‌కి ఒక ప్రత్యేకత ఉంది. హెడ్‌లైటు, మీటరు కూర్చునే ఆ పెద్ద అల్యూమినియం పోతని క్యాస్కెట్ అంటారు. చాలామంది దాన్ని అలంకారం అనుకుంటారు. అది ఫోర్క్ పై క్లాంపు కూడా. ఫోర్క్ పైపుల పైచివర్లు దానిలోకే మరతో బిగుస్తాయి. క్యాస్కెట్ పగిలినా, మరలు అరిగినా ఫోర్క్ పైభాగానికి పట్టు లేనట్టే. 2002లో వచ్చిన థండర్‌బర్డ్‌కి హెడ్‌లైటు విడిగా ఉంటుంది, ఫోర్క్ పైభాగం అమరికే వేరు. "బుల్లెట్ ఫోర్క్ సెట్" అని అమ్మేవాటిలో అది కూడా కలిసిపోయి వస్తుంటుంది, చూసుకోండి.

ఇంకో చిన్న పీడ మరలు. పాత బుల్లెట్‌లో బ్రిటిష్ మరలు ఉంటాయి, తర్వాతి వాటిలో మెట్రిక్ మరలు క్రమంగా చేరాయి. ఆ బ్రిటిష్ మరల్లో సైకిల్ థ్రెడ్ అనే రకానికి ఎక్కువగా అంగుళానికి 26 పళ్లు. కంటికి దగ్గరగా కనిపించే మెట్రిక్ నట్టు రెండు చుట్లు తిరిగి ఆగిపోతే స్పానర్‌తో బలం పెట్టకండి. మర పళ్లు కొలిచే పిచ్ గేజ్ ఒకటి జేబులో ఉంటే ఒక క్యాస్కెట్ మిగులుతుంది.

జావా, ఎజ్డీ. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి జావా పేరుతోనూ, 1970ల నుంచి ఎజ్డీ పేరుతోనూ చేసి, 1996లో మూతపడింది. పాత జావా 250కి హెడ్‌లైటు ఫోర్క్ తొడుగులోనే కలిసి ఉంటుంది, చక్రాలు 16 అంగుళాలు. 1978లో వచ్చిన రోడ్‌కింగ్‌కి ఫ్రేమ్ వేరు, హెడ్‌లైటు విడి, చక్రాలు 18 అంగుళాలు. సెకండ్స్ కొట్లో రెండూ ఒకే కుప్పలో ఉంటాయి. అడిగితే "ఎజ్డీదే సార్" అన్న మాట అబద్ధం కాదు, మీకు పనికొచ్చే మాటా కాదు. చక్రం, మడ్‌గార్డ్, తొడుగు మూడూ పెట్టి చూస్తే తప్ప తేలదు. ఒక సుఖం ఏంటంటే, చెక్ డిజైన్ కాబట్టి మరలన్నీ మెట్రిక్.

రాజ్‌దూత్ 350. ఎస్కార్ట్స్ 1983లో మొదలుపెట్టిన ఈ బండి యమహా ఆర్డీ 350బి రూపం. హెచ్‌టీ (హై టార్క్), ఎల్‌టీ (లో టార్క్) తేడా ప్రధానంగా ఇంజన్ పవర్‌ది. ఫ్రేమ్ వెతికేవాళ్లు దాని గురించి నిద్ర మానుకోనక్కర్లేదు. ముఖ్యమైన తేడా ఫోర్క్‌లో ఉంది. జపాన్ బండికి ముందు డిస్క్ బ్రేకు, మన దానికి డ్రమ్ము. డిస్క్ ఫోర్క్ కాలికి, డిస్క్‌ని నొక్కిపట్టే క్యాలిపర్ బిగించే చెవులు ఉంటాయి. డ్రమ్ము కాలికి బ్రేకు ప్లేటు తిరక్కుండా ఆపే పట్టు ఉంటుంది. విదేశం నుంచి తెప్పించిన "ఒరిజినల్ ఆర్డీ ఫోర్క్" ఖరీదైనదే, అసలుదే. అయినా డ్రమ్ము చక్రం ఉంచుకోవాలనుకుంటే అది మీ బండిది కాదు. బ్రేకు ప్లేటుకి ఆ పట్టు లేకుండా చక్రం ఎక్కించారంటే మొదటి గట్టి బ్రేకుకే ప్లేటు తిరిగిపోతుంది.

## ఫ్రేమ్: ముందు పరీక్ష, తర్వాత నిర్ణయం

ఫ్రేమ్ వంగిందో లేదో చూడటానికి పెద్ద వర్క్‌షాపు అక్కర్లేదు. ఖాళీ ఫ్రేమ్‌ని గట్టిగా నిలబెట్టి, వెనక చక్రాన్ని పట్టుకునే స్వింగ్ ఆర్మ్ కడ్డీ రంధ్రంలో వంకర లేని రాడ్ అడ్డంగా దూర్చి, లెవెల్ పెట్టి దాన్ని మట్టం చేయండి. హ్యాండిల్ తిరిగే గొట్టంలో, అంటే హెడ్ పైపులో, ఇంకో పొడవైన రాడ్ కదలకుండా బిగించండి. ఇప్పుడు ముందు నుంచి సరిగ్గా ఎదురుగా నిలబడి, తాపీమేస్త్రి గుండుదారం వేలాడదీసి ఆ రాడ్‌తో కలిపి చూడండి. దారం, రాడ్ ఒకే గీతలో ఉంటే ఫ్రేమ్ మెలిక తిరగలేదు. పక్కకి వాలిందంటే తిరిగింది. చూసే కన్ను పక్కకి జరిగితే లెక్క తప్పుతుంది, అందుకే ఇద్దరు చూడటం మంచిది.

తర్వాత కన్నుతో చూడండి. ముందు దిగే పైపు మీద, హెడ్ పైపుకి కాస్త కింద, పెయింటు ముడతలు పడిందంటే ఎప్పుడో దేన్నో గుద్దుకుంది. ఇంజన్ మౌంటింగ్ రంధ్రాలు కోడిగుడ్డు ఆకారంలోకి సాగాయా? సైడ్ స్టాండ్ పట్టు దగ్గర చీలిక ఉందా? సీటు కింద వెనక భాగాన్ని స్టైల్ కోసం ఎవరైనా కోసేశారా? ఈ చివరి రోగం ఈ మధ్య బాగా ఎక్కువైంది.

ఇప్పుడు దారులు చూద్దాం.

మీ ఫ్రేమే బాగుచేయించడం. నంబరు మీదే, కాగితం మీదే, చరిత్ర కూడా మీదే. మెలిక కొద్దిగా ఉంటే జిగ్ (ఫ్రేమ్‌ని కొలత ప్రకారం బిగించి పట్టే చట్రం) ఉన్నచోట బెండు తీయించవచ్చు. అరిగిన రంధ్రాలకి బుష్‌లు వేయించవచ్చు, చీలికలకి వెల్డింగ్ చేయించవచ్చు. వెల్డర్‌కి ఒక్క మాట చెప్పండి: ఆ జాయింట్ ఇత్తడి కరిగించి అతికిన బ్రేజింగా, మామూలు వెల్డింగా అన్నది చూసి మొదలుపెట్టమనండి. ఇత్తడి మీద నేరుగా వెల్డింగ్ కొడితే పైకి బాగానే కనిపిస్తుంది, లోపల పగులు పుడుతుంది. ఈ దారిలో బాధ టైము. మంచి చేయి దొరకాలి, అతనికి తీరిక ఉండాలి. హెడ్ పైపు దగ్గరే చీలిందా, లేక తుప్పుకి పైపులు పల్చబడ్డాయా, అలాంటి ఫ్రేమ్‌కి మాత్రం ఈ దారి లేదు.

సెకండ్స్ ఫ్రేమ్. చెన్నై పుదుప్పేట, ఢిల్లీ కరోల్‌బాగ్, మన విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత బండి సామాను కోసం జనం తిరుగుతూనే ఉంటారు. ఒరిజినల్ ఫ్రేమ్ దొరకడం కష్టమేమీ కాదు. కానీ దాని మీద ఇంకొకరి నంబరు ఉంటుంది. ఆ బండి స్క్రాప్ అయిందా, దొంగతనం కేసులో ఉందా, ఇంకా ఎవరి పేరున నడుస్తోందా అన్నది ఫ్రేమ్ చెప్పదు. ఆర్సీతో సహా వచ్చి, పేరు మార్పుకి అమ్మేవాడు సంతకం పెడతానంటేనే అది కొనదగిన వస్తువు. అప్పుడు మీరు కొంటున్నది ఫ్రేమ్ కాదు, ఒక బండి. మీ పాత బండి సామాను దాని మీదకి ఎక్కుతుంది, మీ పాత నంబరు అక్కడితో పోతుంది. దానికి మనసొప్పితే సరే.

"నంబరున్న ముక్క కోసి దీనికి అతికిద్దాం సార్" అనే మాట ఏదో ఒక షాపులో వినిపిస్తుంది. వినగానే బండి తీసుకుని బయటికి రండి. దాని పేరు రిపేరు కాదు, ట్యాంపరింగ్.

ఓల్డ్ స్టాక్. కంపెనీ కాలంలో తయారై, ఎక్కడో గోడౌన్‌లో మిగిలిపోయిన కొత్త ఫ్రేమ్. ఇలాంటివి అరుదు, ధర మనసుకొచ్చినంత. నంబరు కొట్టకుండా ఉంటే అందంగా ఉంటుంది గానీ రోడ్డు మీద దానికి ఏ గుర్తింపూ లేదు. ఆర్టీఓ ఆఫీసులో ముందుగా అడిగి, రాతపూర్వకంగా అనుమతి వస్తే తప్ప డబ్బు పెట్టకండి. నేనైతే దీన్ని ప్రదర్శనలో నిలబెట్టే బండికే ఆలోచిస్తాను.

కొత్తగా చేసిన లోకల్ ఫ్రేమ్. దీని గురించి ఎక్కువ రాయను. పైపు మందం ఎంతో, జిగ్ ఎంత నిక్కచ్చో తెలియని ఫ్రేమ్ మీద ఇంట్లోవాళ్లని కూర్చోబెట్టుకుని వెళ్లే ధైర్యం నాకు లేదు.

వింటేజ్ రిజిస్ట్రేషన్ మీద ఆశ ఉన్నవాళ్లకి ఇంకో లెక్క. 2021 జూలైలో కేంద్రం తెచ్చిన నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ అయి 50 ఏళ్లు దాటిన, అసలు రూపంలోనే ఉన్న బండినే వింటేజ్‌గా గుర్తిస్తారు. ఛాసిస్‌లోనో ఇంజన్‌లోనో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. నంబరులో "వీఏ" అక్షరాలు వస్తాయి. రోజువారీ తిరగడానికి వీల్లేదు. 1960ల జావాకి ఈ తలుపు తెరిచే ఉంది. 1983 రాజ్‌దూత్‌కి 2033 దాకా ఆగాలి. ఆగినా ఫ్రేమ్ మార్చేసి ఉంటే ఆ ఎదురుచూపు దండగ.

ఫ్రేమ్ ఉంచుకునేవాళ్లంతా ఒక జాగ్రత్త తీసుకోవాలి. పెయింటుకి ముందు ఇసుక బ్లాస్టింగ్ చేయిస్తే లోతు తక్కువైన పాత నంబరు అరిగిపోవచ్చు. ఆ తర్వాత వేసే పౌడర్ కోటింగ్ మందంగా ఉండి మిగిలిన గీతల్ని పూడ్చేస్తుంది. ఫ్రేమ్ ఇచ్చే ముందే నంబరు ఫొటో, పెన్సిల్ ప్రింట్ తీసి దాచండి. ఆ చోట మందపు టేపు వేయించి, తర్వాత చేత్తో పల్చగా పెయింటు వేయించండి.

## ఫోర్క్: ముక్కలు విడదీసి చూడండి

ఇక్కడ నంబరు గొడవ లేదు, కాబట్టి స్వేచ్ఛ ఎక్కువ. అందుకే పొరపాట్లూ ఎక్కువ. నేను ఒకసారి సెకండ్స్‌లో "జత" అని కొన్న బుల్లెట్ పైపులు ఇంటికి తెచ్చి పక్కపక్కన నిలబెడితే ఒకటి వేలి మందం పొడుగుంది. రెండూ ఒరిజినలే. రెండు వేరు వేరు బండ్లవి.

| ముక్క | బాగుచేయించడం | సెకండ్స్ | ఓల్డ్ స్టాక్ | కొత్త లోకల్ |
|---|---|---|---|---|
| ఫోర్క్ పైపులు | తుప్పు పైపైన ఉంటే హార్డ్ క్రోమ్, గ్రైండింగ్ | నిటారుగా ఉంటేనే | దొరికితే వదలొద్దు | కొలిచి చూసి తీసుకోవచ్చు |
| కింది క్లాంపు, అంటే ఫోర్క్ టీ | వంగితే వద్దు | మొదటి ఎంపిక | మంచిది | చివరి ఎంపిక |
| బుల్లెట్ క్యాస్కెట్ | చిన్న పగులైతే ఆర్గాన్ వెల్డింగ్ | మొదటి ఎంపిక | అరుదు | పోత నాణ్యత చూసి |
| ఫోర్క్ బాటమ్‌లు, అంటే కింది కాళ్లు | సీల్ కూర్చునే చోటు బాగుంటే | మంచిది | మంచిది | బ్రేకు పట్టు సరిపోలితేనే |
| కోన్ సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగులు), సీల్స్, బుష్‌లు | అనవసరం | వద్దు | సీల్స్ వద్దు, రబ్బరు ముదిరి ఉంటుంది | మంచి బ్రాండ్ కొత్తవే |
| తొడుగులు, బ్రాకెట్లు | డెంటింగ్‌తో బాగవుతాయి | రూపానికి ఇవే సరి | అందరూ వెతికేవే | దూరం నుంచి బాగుంటాయి |

పట్టికలో పట్టని మాటలు కొన్ని ఉన్నాయి.

పైపు నిటారుగా ఉందో లేదో మందపాటి గాజు పలక మీద దొర్లిస్తే తెలిసిపోతుంది. కింద వెలుతురు సందు వచ్చి పోతుంటే వంగింది. తుప్పు గుంటలు ఎక్కడున్నాయన్నది వాటి సంఖ్య కంటే ముఖ్యం. సీల్ పైకీ కిందకీ జారే చోట ఒక్క గుంట ఉన్నా కొత్త సీల్ నెల తిరక్కుండా పోతుంది. ఫోర్క్ టీకి పైన, తొడుగు లోపల ఉండే గుంటలకి మాత్రం బెంగ పెట్టుకోకండి. షాపులో పైపు మొత్తం నిగనిగలాడుతుంటే అది హార్డ్ క్రోమా, సైలెన్సర్‌కి వేసే మెరుపు క్రోమా అని అడగండి. రెండోదైతే పొరలు లేచి సీల్‌ని కోసేస్తుంది.

ఫోర్క్ టీ పరీక్ష ఇంకా తేలిక. నిటారుగా ఉన్నాయని తేలిన రెండు పైపులు దానిలో బిగించి, రెండింటి మీదా అడ్డంగా గాజు పలక పెట్టండి. పలక నాలుగు మూలలా కూర్చోవాలి. ఊగితే టీ మెలిక తిరిగింది. చాలామంది పైపులు మార్చి, సీల్స్ మార్చి, చివరికి ఫ్రేమ్‌ని కూడా అనుమానించి, అసలు దొంగైన టీని వదిలేస్తారు. "ఫ్రేమ్ మార్చాలి" అన్న తీర్పు విన్న ప్రతివాళ్లూ ముందు ఈ పరీక్ష చేయండి. వెనక చక్రం రెండు పక్కల నుంచీ దారం లాగి ముందు చక్రంతో కలిపి చూడటం కూడా అప్పుడే అయిపోతుంది. టైర్ల వెడల్పు తేడా ఉంటే ఆ సందు రెండు పక్కలా సమానంగా ఉండాలి.

క్యాస్కెట్ కొనేటప్పుడు మీటరు రంధ్రం, స్విచ్ రంధ్రాలు మీ పాతదానితో పోల్చండి. పైన మెరుగు చూసి మోసపోకండి. లోపల పైపు బిగిసే మరలు చేత్తో తడిమి చూడండి. పోతలో సూదిగుచ్చినట్టు రంధ్రాలుంటే అది నిలవదు.

## ఎవరికి ఏది?

ఇంట్లో పెద్దల బండి, ఆర్సీ పక్కాగా ఉంది, తొందర లేదు అనుకుంటే ఫ్రేమ్ బాగుచేయించి, టీ, బాటమ్‌లు, క్యాస్కెట్ పాతవే నిలబెట్టి, పైపులు, కోన్ సెట్, సీల్స్ కొత్తవి వేయండి. బహుశా మీలో ఎక్కువమంది ఇదే వర్గం.

రోజూ నడపాలి, హైవే ఎక్కాలి అనుకునేవాళ్లు రూపం కంటే నిటారు చూడండి. మంచి లోకల్ పైపు, కొత్త కోన్ సెట్ వేసుకోండి, అందంగా లేకపోయినా నిటారుగా ఉన్న సెకండ్స్ టీ చాలు. రాజ్‌దూత్‌కి డిస్క్ కావాలన్న కోరిక ఈ వర్గానికే ఎక్కువ. చేయాలనుకుంటే ఫోర్క్, చక్రం, క్యాలిపర్ పూర్తి సెట్‌గా, ఆర్టీఓ సంగతి తేల్చుకుని చేయండి. సగం సగం వద్దు.

ప్రదర్శనకి నిలబెట్టేవాళ్లు తొడుగుల దగ్గరా బోల్టు తలల దగ్గరా డబ్బు పెట్టాలి, చూసే కళ్లు అక్కడికే వెళ్తాయి. ఓల్డ్ స్టాక్ ధర వాళ్లకే గిట్టుబాటు.

ఇంకా బండే కొనని, బేరం ఆడుతున్న వాళ్లకి మాత్రం ఒకటే మాట. ఫ్రేమ్ మెలిక తిరిగి, నంబరు మసకగా ఉంటే ఎంత చవకైనా వదిలేయండి. ఫోర్క్ మొత్తం పాడైపోయి, ఫ్రేమ్ నిటారుగా, నంబరు స్పష్టంగా ఉంటే ఆ ఫోర్క్‌ని చూపించే ధర తగ్గించుకోండి.

సామాను కోసం వెళ్లేటప్పుడు మందం కొలిచే వెర్నియర్, పిచ్ గేజ్, మీ పాత ముక్క సంచిలో వేసుకుని వెళ్లండి. ఫొటో చూపించి అడిగితే ఫొటో లాంటిదే ఇస్తారు. కొరియర్‌లో తెప్పించేట్టయితే పక్కన కొలత టేపు పెట్టి తీసిన ఫొటో, పైపు రెండు చివర్లు, బ్రేకు పట్టు ఉన్న వైపు, మర ఉన్న వైపు విడిగా అడగండి. ఆ నాలుగు ఫొటోలు పంపడానికి విసుక్కునేవాడికి అడ్వాన్స్ పంపకండి.